వయసైన స్టార్‌కు కోట్లు పెట్టాలా? హైదరాబాద్ ఫుట్‌బాల్ నేర్పిన లెక్క

2025 డిసెంబర్ 13న లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డితో కలిసి కాసేపు బంతి ఆడాడు, జనానికి చెయ్యి ఊపాడు, వెళ్లిపోయాడు. అప్పటికి అతని వయసు 38. ఉప్పల్ దాకా వెళ్లలేని వాళ్లు ఎక్కడికక్కడ ఫోన్లలో చూశారు.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. ఇండియన్ సూపర్ లీగ్‌లో (ఐఎస్‌ఎల్) తెలుగు నేలకు ఉన్న ఒకే ఒక్క క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు వదిలి ఢిల్లీకి మారిపోయింది, పేరు కూడా మార్చుకుంది. 2022లో దేశ ఛాంపియన్ అయిన క్లబ్ మూడేళ్లు తిరిగేసరికి ఊళ్లోనే లేకుండా పోయింది.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పాత ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. పేరున్న, వయసు మీరిన, ఖరీదైన ఆటగాడిని క్లబ్ తెచ్చుకోవడం లాభమా, నష్టమా?

దుమ్ముగూడెం, భద్రాచలం వైపు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. సెలవుల్లో వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ టోర్నమెంట్లు పెట్టినప్పుడు బయటి నుంచి పేరున్న ప్లేయర్‌ను డబ్బులిచ్చి దించడం ఊళ్లలో మామూలే. దించితే కప్పు వస్తుందా, లేక చందాల డబ్బులు పోయి ఊరి పిల్లగాళ్లు బెంచీ మీద కూర్చుంటారా అన్న పంచాయితీ ప్రతిసారీ ఉండేదే. కోట్ల క్లబ్‌లలో జరిగే గొడవా ఇదే. తేడా అంకెల్లోనే ఉంటుంది.

స్టార్‌కు అయ్యే ఖర్చు ఎన్ని రకాలు?

చాలామంది జీతం ఒక్కటే ఖర్చు అనుకుంటారు. నిజానికి నాలుగు ఖర్చులు ఉంటాయి.

మొదటిది ట్రాన్స్‌ఫర్ ఫీజు. ఆటగాడికి పాత క్లబ్‌తో కాంట్రాక్ట్ మిగిలి ఉంటే, అతన్ని వదిలిపెట్టినందుకు ఆ క్లబ్‌కు కట్టే సొమ్ము ఇది. వయసైన స్టార్లు ఎక్కువగా కాంట్రాక్ట్ అయిపోయాకే వస్తారు కాబట్టి ఇది చాలాసార్లు ఉండదు. అందుకే పైకి ‘ఫ్రీగా వచ్చాడు’ అనిపిస్తుంది.

రెండోది జీతం. దానితో పాటు సంతకం చేసినందుకు బోనస్, ఏజెంట్ కమీషన్, ఇల్లు, కుటుంబానికి విమాన టికెట్లు కూడా ఉంటాయి. ఫ్రీగా వచ్చినవాడి అసలు ఖరీదు ఇక్కడే దాగి ఉంటుంది.

మూడోది జాగా. ఐఎస్‌ఎల్‌లో 2021-22 సీజన్ నుంచి ఒక జట్టు మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులనే దించాలి. మిగతా ఏడుగురూ భారతీయులే. అంటే స్టార్‌కు ఇచ్చిన జాగా ఇంకో విదేశీ ఆటగాడికి దక్కదు. క్లబ్ మొత్తం జీతాలకు కూడా పరిమితి ఉంది. ఒకరికి ఎక్కువ పోస్తే ఇంకొకరికి తగ్గించాల్సిందే.

నాలుగోది తిరిగి రాని పెట్టుబడి. ఇరవై ఏళ్ల కుర్రాడు బాగా ఆడితే రెండేళ్ల తర్వాత వేరే క్లబ్‌కు అమ్ముకోవచ్చు. హైదరాబాద్ క్లబ్ 2021లో గోవా కుర్రాడు లిస్టన్ కొలాసోను ట్రాన్స్‌ఫర్ ఫీజు తీసుకునే కోల్‌కతాకు పంపింది. 36 ఏళ్ల స్టార్‌ను రెండేళ్లయ్యాక కొనేవాళ్లు ఎవరూ ఉండరు. అతను ఇచ్చేదంతా ఆ ఒకటి రెండు సీజన్లలో ఇచ్చెయ్యాలి.

ఇక శరీరం సంగతి. ముప్పై నాలుగు, ముప్పై ఐదు దాటాక మొదట తగ్గేది పరుగు. ఒకసారి వేగంగా పరుగెత్తడం కష్టం కాదు, తొంభై నిమిషాల్లో మళ్లీ మళ్లీ పరుగెత్తడమే కష్టం. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడతాయి. దెబ్బ తగిలితే మానడానికి వారాలు పడుతుంది. కానీ బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే చూపు అంత తొందరగా పోదు. అందుకే గోల్‌కీపర్లు నలభై దాటాక కూడా ఆడతారు, ఇటలీ కీపర్ బఫన్ 45 ఏళ్ల దాకా ఆడాడు. గోల్ దగ్గర కాచుకుని ఉండే స్ట్రైకర్ కూడా కొంతకాలం నెట్టుకురాగలడు. రెక్కల మీద పరుగెత్తే వింగర్‌కు మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.

ఒగ్బెచే వచ్చిన సంవత్సరం

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో పుట్టింది. మొదటి సీజన్‌లోనే బ్రెజిల్ ఆటగాడు మార్సెలీన్యో లాంటి పేరున్న వాళ్లను తెచ్చుకుంది. అతను గోల్స్ కొట్టాడు, అయినా జట్టు పది జట్లలో ఆఖరి స్థానంలో నిలిచింది. వెనకాల డిఫెన్స్ లేకుండా ముందు స్టార్ ఉండి ఏం లాభం?

తర్వాతి ఏడాది స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను నమ్మి దించాడు. జట్టు అయిదో స్థానానికి ఎక్కింది. అంటే ఇంటి పునాది ముందు పడింది.

ఆ పునాది మీదికి 2021లో వచ్చినవాడు బార్తొలొమ్యూ ఒగ్బెచే. నైజీరియా ఆటగాడు, 2002 ప్రపంచకప్ ఆడినవాడు. వచ్చేనాటికి అతని వయసు 36, అక్టోబర్‌లో 37 నిండింది. ‘ఈ వయసులో ఇంకేం ఆడతాడు’ అని ఎవరైనా అడగొచ్చు. కానీ క్లబ్ కొన్నది పాత పేరును కాదు. అంతకుముందు మూడేళ్లూ అతను ఇదే లీగ్‌లో ఆడాడు. నార్త్ ఈస్ట్ యునైటెడ్‌కు 12 గోల్స్, కేరళ బ్లాస్టర్స్‌కు 15, ముంబై సిటీకి 8 కొట్టాడు. ఇక్కడి ఎండా, ఇక్కడి డిఫెండర్లూ అన్నీ తెలిసినవాడు.

ఆ సీజన్‌లో ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. మొదట కేరళ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు బంతులు ఆపాడు. హైదరాబాద్ 3-1తో గెలిచి ఛాంపియన్ అయింది.

ఇక్కడొక విషయం గమనించాలి. సీజన్ పొడుగునా జట్టును మోసింది ఒగ్బెచే గోల్సే. కానీ ఫైనల్లో గెలిపించింది తవోరా, కట్టిమని. స్టార్ జట్టును ఆ గుమ్మం దాకా తెచ్చాడు, తలుపు తీసింది మిగతావాళ్లు. వయసైన స్టార్‌ను తెచ్చుకోవడం ఎప్పుడు కలిసొస్తుందో ఈ ఒక్క సీజన్ చూస్తే అర్థమవుతుంది. ముసలి స్ట్రైకర్ పరుగెత్తని పరుగులు రెండు పక్కలా ఇరవై ఏళ్ల కుర్రాళ్లు పరుగెత్తారు. వాళ్లు ఇచ్చిన బంతిని అతను గోల్‌లో వేశాడు.

‘స్టార్ వస్తే టికెట్లు అమ్ముడుపోతాయి’ అన్న వాదన మాత్రం ఆ ఏడాది పనిచేయలేదు. కరోనా కారణంగా సీజన్ మొత్తం గోవాలోనే నడిచింది. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. తన జట్టు ఛాంపియన్ అవుతుంటే హైదరాబాద్ టీవీలోనే చూసింది.

పేరుకే పేరు ఇస్తే

ఇదే లీగ్‌లో దీనికి ఎదురు కథలూ ఉన్నాయి. 2014లో ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు ప్రతి జట్టుకూ ఒక ‘మార్క్యీ’ ఆటగాడు ఉండాలన్నారు, అంటే పోస్టర్ మీద బొమ్మ వేసుకునే పెద్ద పేరు. ఢిల్లీ జట్టు ఇటలీ ప్రపంచకప్ హీరో దెల్ పియరోను తెచ్చుకుంది. సీజన్ మధ్యలోనే అతనికి 40 ఏళ్లు నిండాయి. 10 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కొట్టాడు. జట్టు సెమీఫైనల్ చేరలేదు.

అలాగని ప్రతి మార్క్యీ ఆటగాడూ దండగ కాదు. 2016లో ఉరుగ్వే స్ట్రైకర్ డియెగో ఫోర్లాన్ 37 ఏళ్ల వయసులో ముంబై సిటీకి వచ్చి 5 గోల్స్ కొట్టాడు. ముంబై ఆ ఏడాది లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచింది.

లీగ్ కొత్తగా పుట్టినప్పుడు జనానికి ఆట పరిచయం కావాలి, అందుకు పెద్ద పేరు పనికొస్తుంది. ఆ ఖర్చు ప్రచారం ఖాతాలో రాసుకోవాలి. గోల్స్ ఖాతాలో రాసుకుంటే లెక్క తప్పుతుంది.

సౌదీలో ఏం జరిగింది

గల్ఫ్‌లో అన్నయ్యో, మామయ్యో ఉన్న ముస్లిం ఇళ్లు ఉన్నాయి. అందుకే సౌదీ లీగ్ కబుర్లు ఇక్కడి పిల్లలకూ బాగా తెలుసు. 2022 డిసెంబర్ చివర్లో అల్ నస్ర్ క్లబ్ 37 ఏళ్ల క్రిస్టియానో రొనాల్డోతో సంతకం చేయించుకుంది. 2023-24 సీజన్‌లో అతను సౌదీ లీగ్‌లో 35 గోల్స్ కొట్టాడు, అది రికార్డు. అయినా అల్ నస్ర్ రెండో స్థానంలోనే ఆగింది. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా అల్ హిలాల్ టైటిల్ ఎత్తుకుపోయింది. 2025 వేసవి దాకా రొనాల్డో ఖాతాలో సౌదీ లీగ్ టైటిల్ లేదు.

అదే సౌదీలో అల్ ఇత్తిహాద్ 2023లో 35 ఏళ్ల కరీం బెంజెమాను తెచ్చింది. మొదటి ఏడాది అయిదో స్థానం. అందరూ నవ్వారు. రెండో ఏడాది, 2024-25లో, చుట్టూ జట్టు కుదిరాక లీగ్‌తో పాటు కింగ్స్ కప్ కూడా గెలిచింది.

ఇద్దరూ గొప్ప ఆటగాళ్లే. తేడా వచ్చింది చుట్టూ ఉన్న జట్టులో. ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. 2023లో సౌదీ నాలుగు పెద్ద క్లబ్‌లలో ఎక్కువ వాటాను ఆ దేశ ప్రభుత్వ నిధి తీసుకుంది. అక్కడ స్టార్‌కు పెట్టే డబ్బులో దేశం పేరు కోసం పెట్టేదీ కలిసి ఉంటుంది. మామూలు క్లబ్ దాన్ని చూసి వాత పెట్టుకోకూడదు.

స్టార్ పేరు మీద టికెట్ కొనుక్కునే వాళ్లకూ ఒక పాఠం ఉంది. 2025 అక్టోబర్ 22న అల్ నస్ర్ ఆసియా టోర్నీలో ఎఫ్‌సీ గోవాతో ఆడటానికి అదే ఫటోర్డా స్టేడియంకు వచ్చింది. 2-1తో గెలిచి వెళ్లింది. రొనాల్డో మాత్రం రాలేదు. నలభై ఏళ్ల శరీరాన్ని ప్రతి ప్రయాణానికీ తిప్పలేరు.

ఒకే మ్యాచ్, రెండు కథలు

జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ 1993లో మొదలైంది. మే 16న కషిమా జట్టు, నగోయా జట్టు తలపడ్డాయి. రెండింటికీ విదేశీ స్టార్లు ఉన్నారు. కషిమాకు బ్రెజిల్ దిగ్గజం జికో, వయసు 40. నగోయాకు ఇంగ్లాండ్ స్ట్రైకర్ గ్యారీ లినెకర్, వయసు 32. కషిమా 5-0తో గెలిచింది. అందులో మూడు గోల్స్ జికోవే. లినెకర్ గాయాలతో రెండు సీజన్లలో కలిపి 18 లీగ్ మ్యాచ్‌లే ఆడాడు, కొట్టింది 4 గోల్స్.

ఎనిమిదేళ్లు పెద్దవాడు ఎందుకు నెగ్గాడు? జికో 1991లోనే, ఆ క్లబ్ ఇంకా ఒక ఫ్యాక్టరీ జట్టుగా ఉన్నప్పుడే అక్కడికి వెళ్లాడు. ప్రాక్టీస్‌కు టైముకు రావడం దగ్గర్నుంచి అన్నీ కుర్రాళ్లకు నేర్పాడు. కషిమా అప్పటికి చిన్న ఊరు. తర్వాత ఆ క్లబ్ జపాన్‌లో ఎక్కువ టైటిళ్లు గెలిచిన క్లబ్‌లలో ఒకటైంది. వయసైన ఆటగాడు కాళ్లతో పాటు తలలో ఉన్నది కూడా ఇచ్చి వెళ్తే, అతని జీతం దండగ పోదు.

జీతాలు ఆగితే

హైదరాబాద్ కథకు రెండో సగం ఉంది. 2022-23లో ఒగ్బెచే ఇంకో 10 గోల్స్ కొట్టాడు. జట్టు మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత క్లబ్ డబ్బుల్లో ఇరుక్కుంది. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు ఆగాయి. బకాయిల కారణంగా కొత్తవాళ్లను రిజిస్టర్ చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. సీజన్ మధ్యలో విదేశీయులూ, సీనియర్లూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. 2023-24లో మిగిలిన కుర్రాళ్లు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచారు. 8 పాయింట్లతో ఆఖరి స్థానం. 2024లో యాజమాన్యం మారింది, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది.

దీనికి ఒక స్టార్ కారణమని అనలేం. కానీ చూసుకోవాల్సింది ఒకటుంది. ఖరీదైన పేరు మీద సంతకం పెట్టేటప్పుడు క్లబ్ అడగాల్సింది ‘ఇతను ఎన్ని గోల్స్ కొడతాడు’ అని మాత్రమే కాదు. ‘టికెట్లు, స్పాన్సర్లు రాకపోయినా బట్టలు ఉతికే మనిషి దాకా అందరికీ నెలనెలా జీతం ఇవ్వగలమా’ అని కూడా అడగాలి. చెమట ఆరకముందే కూలీ చేతిలో పెట్టాలన్నది ముస్లిం ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వినే మాట. క్లబ్‌కైనా, కాంట్రాక్టర్‌కైనా అదే వర్తిస్తుంది. పెద్ద ఆటగాడికి లాయర్ ఉంటాడు, ఫిఫా దాకా వెళ్తాడు. నెల జీతం మీద బతికే మైదానం పనివాడు ఎక్కడికి వెళ్తాడు?

రహీం సాబ్ దారి

స్టార్లను కొనకుండానే దేశాన్ని గెలిచిన చరిత్ర హైదరాబాద్‌కు ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యురాండ్ కప్ కూడా గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా టీచర్. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. క్యాన్సర్‌తో బాధపడుతూనే జకార్తాలో జట్టును నడిపించారు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

రహీం సాబ్ పద్ధతి సింపుల్. దొరికిన కుర్రాళ్లకు రెండో కాలితో కొట్టడం, బంతిని పట్టుకుని కూర్చోకుండా వెంటనే పాస్ ఇవ్వడం నేర్పించేవారు. ఆ నేల మీద నుంచే తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్, సయ్యద్ నయీముద్దీన్ లాంటి వాళ్లు దేశానికి ఆడారు.

మహమ్మద్ హబీబ్ కూడా ఈ ఊరివాడే. 1966లో కోల్‌కతా వెళ్లి అక్కడ ‘బడే మియా’ అయ్యాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌కు, న్యూయార్క్ కాస్మోస్‌కు మ్యాచ్ జరిగింది. కాస్మోస్ తరఫున వచ్చినవాడు పీలే, వయసు 36. రెండేళ్ల క్రితం ఆ క్లబ్ భారీ సొమ్ముతో తెచ్చుకున్న వయసైన స్టార్. మ్యాచ్ 2-2తో డ్రా. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన స్టార్‌ను చూడటానికి వచ్చిన జనం ముందు గోల్ కొట్టింది హైదరాబాద్ గల్లీ కుర్రాడు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే చనిపోయారు.

ఇక 2022లో హైదరాబాద్ పేరుతో ఛాంపియన్ అయిన జట్టు చూడండి. అందులో ముఖ్యమైన పేర్లు గోవా, మణిపూర్, ఉత్తరప్రదేశ్, సిక్కిం నుంచి వచ్చినవే. క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయినప్పుడు ఊరు పెద్దగా కదలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. తమ బస్తీ పిల్లవాడు ఉన్న జట్టును జనం అంత తేలిగ్గా వదులుకోరు.

అయితే తెచ్చుకోవాలా, వద్దా?

తెచ్చుకోవచ్చు. కానీ సంతకానికి ముందు అయిదు ప్రశ్నలకు జవాబు ఉండాలి.

ఒకటి, అతను పోయిన రెండేళ్లలో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు? పదేళ్ల కిందటి వీడియోలు కాదు, నిరుటి లెక్క కావాలి. ఒగ్బెచే విషయంలో అది ఉంది.

రెండు, అతను ఆడే చోటు ఏది? గోల్ ముందా, గోల్‌లోనా, లేక ఎక్కువ పరుగు కావాల్సిన రెక్క మీదా?

మూడు, అతని బదులు పరుగెత్తే కుర్రాళ్లు జట్టులో ఉన్నారా? లేకపోతే ముందు వాళ్లను వెతకాలి.

నాలుగు, కాంట్రాక్ట్ ఎన్నేళ్లు? ఒక ఏడాది, బాగా ఆడితే ఇంకో ఏడాది అన్నది మంచి పద్ధతి. మూడేళ్లు రాసిచ్చేస్తే మూడో ఏడాది జీతం బెంచీకి కట్టినట్టే.

అయిదు, అతని జీతం తీసేశాక కుర్రాళ్ల అకాడమీకి డబ్బు మిగులుతుందా? మిగలకపోతే ఆ స్టార్ ఎంత గొప్పవాడైనా వద్దనుకోవాలి.

ఈ లెక్క గోదావరి ఒడ్డు ఊళ్లకూ సరిపోతుంది. టోర్నమెంట్‌కు బయటి ప్లేయర్‌ను దించాలంటే దించండి. అయితే ఆ మూడు రోజులూ అతను మన పిల్లగాళ్లకు పొద్దున పూట ఒక గంట నేర్పాలని ముందే మాట తీసుకోండి. చందాలో కొంత తీసి బంతులకూ, నెట్‌కూ పక్కన పెట్టండి. దారులు అసలే లేవని కాదు. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లల స్పోర్ట్స్ స్కూల్ ఉంది, హకీంపేటలో రాష్ట్ర స్పోర్ట్స్ స్కూల్ ఉంది. నిజామాబాద్ వైపు నుంచి గుగులోత్ సౌమ్య అనే అమ్మాయి ఫుట్‌బాల్‌లో భారత జట్టు దాకా వెళ్లింది, యూరప్‌లో క్రొయేషియా క్లబ్‌కూ ఆడింది. ఆమెను ఎవరూ కోట్లు పెట్టి కొని తేలేదు. చిన్నప్పుడు ఆడనిచ్చారు, నేర్పించారు. ఇంట్లో ఆడపిల్ల బంతి అడిగితే కాదనకముందు ఆ పేరు ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.